చాటు దండెం

“ఇదేందే?”

మౌలాబీ కప్పుచీర కొస పైకెత్తి పట్టుకుంది. దాని కింద, కోడలి లంగాలకీ మనవరాలి ఓణీలకీ మధ్య ఎర్రటి బనీనొకటి వేలాడుతోంది. వీపు మీద తెల్లగా ఏడంకె. దాని పక్కనే మోకాలు దాటని నల్ల నిక్కరు.

జోహరాబీ చేతిలో బియ్యం చాట అలాగే ఉండిపోయింది. ఈ ప్రశ్నకి జవాబు రాత్రంతా మేలుకుని తయారుచేసి పెట్టుకుంది.

“షమాది అత్తా. డ్రిల్లు బట్టలు.”

“డ్రిల్లుకి నిక్కరెందుకే?”

“మెల్లగా. వసారాలో ఆయనున్నారు.”

“ఉంటే ఉండనీ. వాడికి తెలీకుండా ఏం నడుపుతున్నారు తల్లీకూతుళ్లు?” అంది మౌలాబీ. అన్నదేగానీ తనూ గొంతు తగ్గించే అంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ల పోట్లాటలన్నీ గుసగుసల్లోనే జరుగుతాయి. గొంతులు లేచేది మగవాళ్లు గడప దాటాకే.

ఆ ఇంట్లో దండేలు రెండు. పెరట్లో ఎండ తగిలే చోట ఒకటి. అది జోహరాబీ మొగుడు ఖాజావలి లుంగీలకీ, చొక్కాలకీ, దుప్పట్లకీ. నడవలో గోడ నుంచి గోడకి కట్టింది ఇంకొకటి. ఆడవాళ్ల బట్టలన్నీ దాని మీదే ఆరాలి, ఆ ఆరేవాటి మీద మళ్లీ ఒక పాత చీర కప్పాలి. కోడలి రవికె ఇంట్లో మగవాళ్ల కంట పడకూడదు, ఆడపిల్ల లంగా వీధిలో పోయేవాడి కంట పడకూడదు. ఎండాకాలంలో అయితే సరే, దర్శి వడగాలికి చాటునున్న గుడ్డ కూడా ఇట్టే పెళపెళలాడుద్ది. ఇప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం. టీవీలో చెప్పిన రోజు నుంచీ ముసురు వదల్లేదు. గోడలు చెమరుస్తున్నాయి, అగ్గిపుల్ల వెలగడం లేదు. గట్టిగా పిండి ఆరేసిన గుడ్డ పొద్దున చూస్తే రాత్రికన్నా బరువుగా ఉంటోంది. నడవంతా ముక్కిన వాసన.

జోహరాబీ చాట కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదు.

“కబడ్డీ అత్తా. ఇవాళ మధ్యాహ్నం ఫైనలు, మార్టూరు పిల్లలతో. జిల్లా టీముకి ఎంచుకునేవాళ్లు వస్తున్నారు. షమా బాగా ఆడితే తీసుకుంటారంట. స్తుతి టీచరు చెప్పింది.”

“తీసుకుంటే?”

“ఊళ్లు పోయి ఆడుద్ది.”

“నిక్కరేసుకుని.”

“నిక్కరేసుకునే.”

మౌలాబీ నిక్కరు అంచు పట్టుకుని వేళ్లతో పిసికింది. నీటిబొట్టు ఒకటి గచ్చు మీద పడింది. నిన్నటి ఆటలో బురదలో పొర్లి వచ్చిన బట్టలవి. చీకటి పడ్డాక జోహరాబీ దొంగతనంగా ఉతికి, దొంగతనంగానే ఇక్కడ దూర్చింది.

“వాడు ఆడపిల్ల గంతులేస్తే ఒప్పుకుంటాడా?”

“అడిగితే గదా ఒప్పుకునేదీ మానేదీ.”

మౌలాబీ కప్పుచీర మళ్లీ కప్పింది. మడతలు సరిచేసింది. పోయి తన మంచం మీద కూర్చుని తస్బీ మాల చేతిలోకి తీసుకుంది. అంతే. తిట్టలేదు, కొడుకుని పిలవలేదు.

జోహరాబీకి అత్త తిడితే ఎంతవరకు తిడుతుందో తెలుసు. ఈ మౌనమే కొంప ముంచేది. ఏ క్షణాన ‘ఒరే ఖాజా’ అని కేక పెడుతుందో తెలియదు. ఒక్క కేక చాలు. షమా పుస్తకాల సంచీ అటకెక్కుతుంది, ఆ ఏడో నంబరు బనీను పొయ్యిలోకి పోతుంది.

అయినా ముందు ఆ బనీను ఆరాలి కదా. తడిబట్టతో ఆడితే పిల్లకి జ్వరం వస్తుందని ఆమె భయం. నిరుడు ఇదే ముసురులో షమా పక్షం రోజులు మంచాన పడింది. కరెంటు తెల్లవారుజామునే పోయింది, ఇక ఫ్యాను లేదు, ఇస్త్రీపెట్టె లేదు. వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండికి పంపితే నిక్కరు సంగతి మధ్యాహ్నానికల్లా మసీదు వీధి దాకా పాకుతుంది. పొయ్యి మీద పట్టుకుందామా అంటే, ఆ పని చేసే పోయిన వానల్లో కొత్త రవికెకి చెయ్యంత బొక్క చేసుకుంది.

పెరటి వైపు చూసింది. కొట్టు కనిపించింది.

ఖాజావలిది మిరపకాయల వ్యాపారం. ఈ ఏడు కొన్న తాలుకాయలకి, అంటే రంగు తేలిపోయిన కాయలకి, ధర లేదని గుంటూరు పంపకుండా కొట్లో వేసి కూర్చున్నాడు. చెమ్మ తగిలితే కాయ నల్లబడుతుంది. అందుకని రెండు మూలలా ఊక కుంపట్లు పెట్టి, తలుపు సందుల్లో గోనెలు కుక్కి, పసిబిడ్డని కాచుకున్నట్టు కాచుకుంటున్నాడు. ఊళ్లో ఇళ్లన్నీ చెమరుస్తున్నా ఆ కొట్లో మాత్రం నడివేసవి. జోహరాబీకి కడుపు మండిపోయింది. మిరపకాయలకి దొరికే వేడి నా కూతురి చొక్కాకి దొరక్కూడదా అనుకుంది.

అత్త కళ్లు మూసుకుని తస్బీ తిప్పుతోంది. జోహరాబీ బనీనూ నిక్కరూ చంకలో పెట్టుకుని, పైన పైట కప్పుకుని, పెరట్లోకి జారుకుంది. బస్తాల వెనక, గోడ మేకుకీ కిటికీ ఊచకీ మధ్య దారం కట్టి రెండూ ఆరేసింది. కుంపటి వేడి ముఖానికి తగిలి ప్రాణం లేచొచ్చింది.

వచ్చి వంటింట్లో కూర్చుందో లేదో, వసారాలోంచి మొగుడి గొంతు వినిపించింది. “రండ్రా, బస్తాలు తిరగేద్దాం. అడుగువి చెమ్మ పట్టుకుంటాయ్.”

ఇద్దరు హమాలీలతో ఖాజావలి కొట్లోకి వెళ్లాడు. ధబ్బుధబ్బున బస్తాలు పడుతున్న చప్పుడు. దగ్గులు. తుమ్ములు. మళ్లీ ధబ్బు. జోహరాబీ కూరగాయల కత్తిపీట ముందు కూర్చుని ఒకే వంకాయని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేసింది. ఇప్పుడు చూస్తాడు. ఇదిగో ఇప్పుడు చూస్తాడు.

“జోహరా.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కనుబొమల నిండా ఎర్రటి ధూళి.

“ఊఁ?”

“మంచినీళ్లు.”

చెంబు అందించింది. గటగటా తాగి ఆమె ముఖంలోకి చూశాడు.

“ఏంది అట్టా ఉన్నావ్?”

“ఏం లేదు. ముసురుకి.”

“నేను బజారుకి పోతన్నా. పొద్దుగూకేదాకా రాను.” టీవీయస్ బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

కొట్లోకి పరిగెత్తింది. లోపల గాలి ఎర్రగా ఉంది. బస్తాలు తిరగేసిన దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. వెనక గోడ దగ్గర ఎవరూ ముట్టుకోని బనీను వెచ్చగా, కరకరలాడుతూ ఆమె చేతికొచ్చింది. అన్నాళ్ల తర్వాత ఎండిన గుడ్డ. జోహరాబీకి ఎంత సంబరమేసిందంటే దాన్ని ముఖానికి హత్తుకుంది. రెండుసార్లు తుమ్మింది. ఆ ఇంట్లో తుమ్ము ఎవరికీ లెక్కలోది కాదు. వాళ్లు అన్నంలో తుమ్ముతారు, నమాజులో తుమ్ముతారు, నిద్రలో తుమ్ముతారు. మిరప ఘాటు వాళ్ల ముక్కులకి ఎప్పుడో అలవాటైపోయింది. వేరే ఊరి మనిషి అయితే ఆ బనీను గడప దాటనిచ్చేది కాదు. జోహరాబీ మాత్రం రెండు దులుపులు దులిపి మడత పెట్టింది.

గొడుగేసుకుని స్తుతి టీచరు రానే వచ్చింది. హైస్కూల్లో ఆటల టీచరు. మెడలో ఈల, చేతిలో బైబిలు కవరంత సంచీ.

“ఆరాయా జోహరాబీ గారూ? మిగతా పిల్లలవి అన్నీ తడితడిగానే ఉన్నాయి.”

“పెళపెళలాడుతున్నాయి టీచరమ్మా.”

టీచరు బట్టలు అందుకుని పెద్దగా తుమ్మింది. “నాకు జలుబు చేసేటట్టుంది. ప్రార్థన చేసుకోండి మన పిల్ల కోసం. మార్టూరు మార్క్ మాస్టారు ఈసారి పొడుగుపిల్లని తెచ్చాడు. అది పట్టిందంటే ఉడుంపట్టేనంట.”

టీచరు వెళ్లాక జోహరాబీ వేరే చీర కట్టుకుంది. చెప్పుల్లో కాలు పెడుతుంటే మంచం మీద నుంచి ప్రశ్న వచ్చింది.

“యాడికి?”

“మా చిన్నమ్మకి ఒంట్లో బాగాలేదంట. చూసొస్తా.”

“మీ చిన్నమ్మ పత్తి మిల్లులో ఉంటందా?”

జోహరాబీ తల దించుకుంది. స్కూలు గ్రౌండు చెరువైపోయి ఆట జిన్నింగు మిల్లు షెడ్డుకి మార్చారని ఈ ముసలామెకి ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి.

మౌలాబీ మంచం దిగింది. “నా చెప్పులు ఇటు తే. నేనూ వస్తా.”

ఆపడానికా, చూడడానికా? దారి పొడుగునా జోహరాబీకి అడిగే ధైర్యం లేకపోయింది.

* * *

పత్తి ఇంకా చేలల్లోనే తడుస్తోంది గనక మిల్లు షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద ఇసక పరిచి ముగ్గుపిండితో గీతలు గీశారు. రేకుల కింద ఉక్క. చెమట కారుతోంది, ఆరడం లేదు. జనం మాత్రం విరగబడి వచ్చారు. కాటా బల్ల మీద, ఖాళీ బండ్ల మీద, కిటికీ ఊచల మీద, ఎక్కడ చూసినా తలకాయలే.

రెండు టీములూ బరిలోకి దిగాయి. ఎర్ర బనీన్లలో షమా ముందు నిలబడింది. పదో తరగతి పిల్ల, ఇంట్లో గోడలంట నడిచే పిల్ల, ఇక్కడ తొడ చరిచి నిలబడింది.

మౌలాబీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కాళ్లన్నీ కనపడతన్నయ్యి.”

“కాళ్లుంటే కనపడవా అత్తా?” అనేసింది జోహరాబీ. అన్నాక నాలుక కరుచుకుంది. పెళ్లయినప్పటి నుంచీ నలుగురిలో అత్తకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

అంపైరు ఈల వేశాడు.

షమా కూతకు వెళ్లింది. గీత దాటి, కుడి మూల పిల్ల భుజం తాకి, చేప జారినట్టు జారి వెనక్కి వచ్చేసింది. షెడ్డు హోరెత్తింది. రెండోసారి వెళ్లింది. ఈసారి మార్టూరు పొడుగుపిల్ల కాచుకుని ఉంది. అమాంతం నడుం పట్టేసుకుంది. కూత సన్నబడుతోంది. ఇక అయిపోయిందనుకునేలోపు, పొడుగుపిల్ల పట్టు వదిలేసి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. షమా ఒక్క గెంతు గెంతి గీత మీద పడింది.

మూడోసారి ఇద్దరు పట్టారు, ఇద్దరూ వదిలారు. ఆ తర్వాత ముగ్గురు మీద పడ్డారు. ముగ్గురినీ ఈడ్చుకుని మరీ గీత తాకింది.

“ఏడో నంబరు, ఏడో నంబరు” అని షెడ్డంతా ఒకటే హోరు. వీధిలో గట్టిగా పిలవడానికి కూడా సిగ్గుపడే జోహరాబీ ఎప్పుడు బల్ల ఎక్కిందో తెలియదు, గొంతు చించుకుని అరుస్తోంది. ఆ పిల్ల నా కడుపున పుట్టిందని పక్కవాళ్లందరికీ చెప్పాలనిపించింది.

“దిగవే, దిగు” అంటూ మౌలాబీ ఆమె కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. లాగుతూనే బరి వైపు చూసి, “అమ్మాయ్, ఎడమ పక్క చూడు, కాలు పట్టనీకు” అని అరిచింది. తనే ఉలిక్కిపడి మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సగం ఆట అయ్యేసరికి దర్శి పిల్లలకి మార్టూరు కంటే రెట్టింపు పాయింట్లు వచ్చాయి. జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని షమా వైపు చూపించారు. స్తుతి టీచరు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకుంటోంది.

మార్టూరు మార్క్ మాస్టారు అంపైరు దగ్గరికి విసురుగా వచ్చాడు. “నూనె రాసుకొచ్చారు సార్. లేకపోతే మా పిల్ల పట్టు వదలదు.”

అంపైరు షమా చెయ్యి తడిమి చూశాడు. కాళ్లు చూశాడు. “నూనె లేదు, ఏం లేదు మాస్టారూ. పట్టుకోలేకపోతే ఒప్పుకోండి. పదండి, ఆట మొదలుపెడదాం.”

జోహరాబీ గర్వంగా నవ్వుకుంటూ మార్టూరు వాళ్ల వైపు చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

నీళ్ల డ్రమ్ము దగ్గర పొడుగుపిల్ల ముఖం మీద నీళ్లు కొట్టుకుంటోంది. కళ్లు రెండూ వాచిపోయాయి. కొట్టుకున్నకొద్దీ ఇంకా రుద్దుకుంటోంది. ఆగి, రెండు చేతుల వేళ్లూ విడదీసి, ఒంటికి తగలకుండా దూరంగా పెట్టి, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంది.

అలా ఊదుకోవడం జోహరాబీకి తెలుసు. కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చిన మొదటి వారం, కాయలు ఏరి, తెలియక ఆ చేతులతో కళ్లు నలుపుకుంది. పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోందని అందరూ ఓదార్చారు. ఒక్క మౌలాబీయే విషయం కనిపెట్టి, ఆమెని ఒళ్లో పడుకోబెట్టుకుని పాలలో ముంచిన గుడ్డ కళ్ల మీద వేసింది.

“అత్తా” అంది. “బనీను కొట్లో ఆరేశా. ఆయన బస్తాలు తిరగేశారు. దుమ్మంతా దానికే పట్టింది.”

“నాకు ఇందాకే తెలిసింది. గాలి ఇటు తిరిగినప్పుడు మన కొట్టు వాసనొచ్చింది.”

“షమాకి తెలీదు.”

“దానికెట్టా తెలుసుద్ది? అది పుట్టిందే ఆ దుమ్ములో.”

“ఏం చేద్దాం అత్తా?”

మౌలాబీ కోడలి కళ్లలోకి సూటిగా చూసింది. “నీ కూతురు. నీ ఇష్టం.”

నోరు మూసుకుంటే చాలు. ఇంకో సగం ఆట. షమాని జిల్లా టీములోకి తీసుకుంటారు. బనీను ఉతికేస్తే ఘాటు పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మాట్లాడితే ఆట పోవచ్చు. పేరు పోవచ్చు. ఊరంతా చెప్పుకుంటారు, ఖాజావలి చెవిన పడుతుంది. జోహరాబీ ఇదంతా ఆలోచించింది. అటు పొడుగుపిల్ల కళ్లు సరిగ్గా తెరవలేక తడుముకుంటూ మళ్లీ బరిలోకి వస్తోంది. ఆ పిల్లకీ ఇంటి దగ్గర తల్లి ఉంటుంది.

అంపైరు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

జోహరాబీ బల్ల దిగింది. ముగ్గుపిండి గీత తొక్కుకుంటూ నేరుగా బరి మధ్యకి నడిచింది.

“ఆపండయ్యా.”

“ఎవరమ్మా నువ్వు? పక్కకి రా.”

“ఏడో నంబరు పిల్ల వాళ్లమ్మని.” ఈ మాట చెప్పాలని ఇందాకటి నుంచీ ఉబలాటపడుతూనే ఉంది. ఇలా చెప్పాల్సి వస్తుందనుకోలేదు. “దాని బనీనుకి మిరప ఘాటు పట్టింది. అందుకే వీళ్లు పట్టుకోలేకపోతున్నారు. తాలుకాయల కొట్లో ఆరేశాను. పిల్లకీ తెలీదు, టీచరమ్మకీ తెలీదు. ఆరేసింది నేను.”

అంపైరు వంగి షమా భుజం దగ్గర వాసన చూశాడు. షెడ్డు రేకులదిరేలా తుమ్మాడు. జనం పకపకా నవ్వారు.

“మిరపకాయల కొట్లో ఎవరైనా బట్టలారేస్తారా తల్లీ?”

“బయట ఆరేసే వీల్లేదండీ మా ఇంట్లో. ఆడవాళ్ల బట్టలు ఎవరికీ కనపడకూడదు. చాటున వేస్తే ఈ ముసురుకి ఆరవు.”

మగవాళ్లు మళ్లీ నవ్వారు. ఆ షెడ్డులో ఉన్న ఆడవాళ్లలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. తడి ఆరని రవికెలే వాళ్లూ తొడుక్కుని వచ్చారు.

మార్క్ మాస్టారు దర్శి టీముని తీసెయ్యాలన్నాడు. స్తుతి టీచరు కాదంది. ఇద్దరూ గొంతులు పెంచారు. చివరికి అంపైరు చెయ్యెత్తాడు. “చెప్పకపోతే మనకి తెలిసేదే కాదు కదా మాస్టారూ. ఇప్పటిదాకా వచ్చిన పాయింట్లు రెండు పక్కలా రద్దు. అరగంటలో మళ్లీ మొదటి నుంచి ఆడిస్తా. ఆ బట్టలు మాత్రం శుభ్రంగా ఉతికి ఆరబెట్టాలి. చేత్తో పట్టుకు చూస్తా. లేకపోతే ఏడో నంబరు ఆడదు.”

“మాకు వేరే బనీను లేదు సార్” అంది స్తుతి టీచరు. “ఏడుగురికి ఏడే ఇచ్చారు.”

“అయితే ఆరబెట్టుకోండి.”

షమా స్కూలు డ్రెస్సులోకి మారి వచ్చింది. విడిచిన బట్టలు తల్లి చేతికిచ్చింది. ముఖం కందగడ్డ అయింది.

“గెలిచేవాళ్లం గదమ్మా. ఎందుకు చెప్పావు?”

“ఆ పిల్ల కళ్లు చూశావా?”

షమా అటు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

అప్పటికే మౌలాబీ టీకొట్టు నుంచి గ్లాసుడు పాలు తెచ్చి పొడుగుపిల్లని కూర్చోబెట్టింది. “రుద్దబాక. రుద్దితే ఇంకా మండుద్ది. కళ్లు మూసుకో తల్లీ” అంటూ తన పైట కొంగే పాలలో ముంచి ఆ పిల్ల కళ్ల మీద పెట్టింది. మిగిలినవాళ్ల చేతులకి మజ్జిగ పోయించింది.

జోహరాబీ బోరింగు దగ్గర కూర్చుంది. మిల్లు కాపలావాడి బట్టల సబ్బు అరిగిపోయేదాకా బనీనూ నిక్కరూ ఉతికింది. జాడించింది. మళ్లీ సబ్బు పెట్టింది. చేతులు బరుసెక్కేదాకా పిండింది. తలెత్తి చూసేసరికి నేల మీద తన నీడ కనిపించింది. ఎన్నాళ్ల తర్వాతో మబ్బు విడిపోయి, మిల్లు ముందు ఖాళీ జాగా అంతా ఎండ కాస్తోంది.

బట్టలు తీసుకుని గబగబా గోనెల గుట్ట వెనక్కి నడిచింది.

“యాడికే?” అంది మౌలాబీ.

“ఆరెయ్యడానికి అత్తా.”

“ఎండ ఇక్కడుంటే?”

“అందరూ చూస్తారు.”

“చూడనీ.”

మౌలాబీ బనీను లాక్కుంది. జనాన్ని ఆపడానికి మిల్లు గేటు ముందు రెండు ఇనప స్తంభాలకి కట్టిన మోకు ఉంది. దాని మీద బనీను విసిరింది. ఏడంకె వీధి వైపు పడేలా తిప్పి సరిచేసింది. దాని పక్కనే నిక్కరు.

“నడవలో ఆ తాడు మా అత్త కట్టింది” అంది బట్ట మడతలు విదిలిస్తూ. “నా పెళ్లినాడు కట్టింది. ఆమె పోయాక నేను విప్పి ఉండొచ్చు. విప్పలా. ఈ ముసుర్లలో ముక్కిన చీరలు కట్టీ కట్టీ నా ఒంటి వాసన అదేననుకున్నానే జోహరా.”

జోహరాబీ బనీను చెయ్యి పట్టుకుని గాలికి ఊపింది. అత్త రెండో చెయ్యి పట్టుకుని ఊపింది.

షెడ్డులో జనమంతా బయటికొచ్చి ఆ బనీను చుట్టూ మూగారు. ఆటకన్నా ఇదే ఎక్కువ ఆత్రంగా ఉంది వాళ్లకి. “మెడ దగ్గర ఆరింది”, “చంకల దగ్గర ఇంకా తడే”, “తిరగెయ్యండమ్మా” అని తలా ఒక సలహా. మార్క్ మాస్టారు కూడా వచ్చి అంచు పట్టుకు చూసి పెదవి విరిచాడు. ఒక కన్ను తెరవగలిగిన పొడుగుపిల్ల తన తువాలు తీసుకొచ్చి బనీనుకి విసరసాగింది.

“మాకెందుకు విసురుతావు?” అంది షమా.

“ఇది ఆరకపోతే నువ్వు ఆడవు గదా. ఈసారి పట్టుకుంటా చూడు నిన్ను.”

షమా ముఖంలో నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి జోహరాబీకి రెక్కలొచ్చినట్టయింది. పాయింట్లు పోతే పోనీ. ఈ పిల్ల ఘాటు లేకపోయినా గెలుస్తుంది. బనీను ఒక్కటి ఆరితే చాలు. ఇంకాస్త ఎండ, ఇంకాస్త గాలి.

టీవీయస్ బండి చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు జోహరాబీకి నిద్రలో కూడా తెలుసు. చేతిలోని బనీను అంచు వదిలేసింది. జనం రెండుగా విడిపోయి దారి ఇచ్చారు. తల్లీ పెళ్లామూ పత్తి మిల్లు దగ్గర ఉన్నారని ఎవరో బజారులో చెప్పినట్టున్నారు. ఖాజావలి బండి స్టాండు వేసి దిగాడు. తల్లిని చూశాడు. పెళ్లాన్ని చూశాడు. మోకు మీద అందరి కళ్ల ముందూ వేలాడుతున్న నిక్కరుని చూశాడు.

మోకు దగ్గరికి నడిచి వచ్చాడు. కాయని పరీక్షించే అలవాటుతో బనీను అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన. దాని అడుగున, ఇంకా పూర్తిగా పోని తన కొట్టు వాసన.

“ఎవరిదిది?”

షమా తల్లి వెనక్కి జరిగింది. జోహరాబీ నోరు తెరిచింది. ఆమె మాట బయటికి వచ్చేలోపే మౌలాబీ మోకు పట్టుకుని ముందుకొచ్చింది.

“నా మనవరాలిది. నడుం దగ్గర ఇంకా ఆరలా. నువ్వు ఎండకి అడ్డంగా నిలబడ్డావ్, పక్కకి జరుగు.”

ఎవరూ కదల్లేదు. తువాలు విసరడం ఆగిపోయింది. లోపల షెడ్డులో అంపైరు ఈల వేశాడు.

ఖాజావలి నీడ ఇంకా ఆ ఏడంకె మీదే ఉంది.